మే నెల బిందెల లెక్క: నీళ్లు తక్కువున్న ఇంటికి ఏ మొక్క మేలు?

నర్సరీకి వెళ్లే ముందు ఒక పని చేయండి. మే నెలలో ఇంటిల్లిపాది స్నానాలు, వంట, గిన్నెలు, బట్టలు అన్నీ అయ్యాక మొక్కలకు రోజుకు ఎన్ని బిందెల నీళ్లు మిగులుతాయో కాగితం మీద రాసుకోండి. జూలై లెక్క వద్దు, మే నెలదే కావాలి. అనంతపురంలో మా ఇంటికి ఆ లెక్క మూడు బిందెలు. మా బిందె 15 లీటర్లది, అంటే 45 లీటర్లు. మొక్కల గురించి నేను ఈ పదేళ్లలో తీసుకున్న మంచి నిర్ణయాలన్నీ ఈ అంకె తెలిశాక తీసుకున్నవే. తెలియక ముందు తీసుకున్నవి చాలావరకు ఎండిపోయాయి.

జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా అందరూ చెప్పుకునేది మాదే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అందులోనూ ఎక్కువ వాన సెప్టెంబరులో పడుతుంది. మనం మొక్కలు కొనేదేమో వానలు మొదలవగానే, ఎటు చూసినా పచ్చగా కనిపించే రోజుల్లో. నర్సరీలో మొక్క షేడ్ నెట్ కింద రెండు పూటలా నీళ్లు తాగుతూ పెరుగుతుంది. దాన్ని తెచ్చి ఎర్రనేలలో నాటి, మే నెల మధ్యాహ్నానికి వదిలేస్తే ఏమవుతుందో నర్సరీవాళ్లు చెప్పరు, మనమూ అడగం. అందుకే ఇక్కడ ప్రతి మొక్కనూ ఒకే కొలతతో చూస్తున్నాను: మే నెలలో అది ఎంత అడుగుతుంది, మనకేమిస్తుంది.

ముందొక మాట. నీళ్లు అక్కర్లేని మొక్కలన్నీ మన మొక్కలు కావు, నీళ్లు అక్కర్లేనివన్నీ మంచివీ కావు. తంగేడు, వేప, కానుగ, బలుసు, నల్లేరు, ముళ్లగోరింట మన నేలవి. కాగితంపూలు, సీతాఫలం, దేవగన్నేరు, బిళ్లగన్నేరు ఎక్కడెక్కడి నుంచో వచ్చి మన ఇళ్లలో ఒదిగిపోయినవి. వాటితో నాకు పేచీ లేదు. సర్కారు తుమ్మ అలా కాదు. చుక్క నీరు పోయకపోయినా బతుకుతుంది, చుట్టుపక్కల ఇంకేదీ బతకనివ్వదు. చెరువు కట్టల నుంచి బీళ్ల దాకా ఎంత ఆక్రమించిందో రాయలసీమలో, పాలమూరులో ఎవరినడిగినా చెబుతారు. కరువును తట్టుకోవడం ఒక్కటే చూసి మొక్కను ఎంచుకోకండి.

గడ్డి వేయాలా, వద్దా

ఇల్లు కట్టుకున్న ఏడాది ముందున్న జాగాలో 200 చదరపు అడుగుల కొరియన్ గడ్డి వేయించాం. మొదటి ఏడు చూడముచ్చటగా ఉంది. రెండో వేసవికి బోరులో నీళ్లు అడుగంటాయి. గడ్డి అంచుల నుంచి పసుపు తిరగడం మొదలై, ఇరవై రోజుల్లో నడిమధ్యకు వచ్చేసింది. అప్పుడు కూర్చుని లెక్క వేశాను. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే ఒక లీటరు. మా ఎండలకు గడ్డికి రోజుకు 5 మిల్లీమీటర్లే చాలనుకున్నా, 200 చదరపు అడుగులకు, అంటే సుమారు 18.6 చదరపు మీటర్లకు, 93 లీటర్లు కావాలి. ఆరు బిందెలు! మా ఇంట్లో మిగిలేవి మూడు. ఇంత చిన్న లెక్క గడ్డి వేయించే రోజున ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

పిల్లలు ఆడుకోవడానికి మెత్తటి నేల తప్పదంటే గరిక వేయండి. వినాయక చవితికి కోసుకొచ్చే ఆ గరికే. వేసవిలో గోధుమరంగుకు తిరిగి చచ్చినట్టు పడి ఉంటుంది, తొలకరికి మళ్లీ పచ్చబడుతుంది. ఆ రెండు నెలల గోధుమరంగును మీరు ఓర్చుకోగలిగితే దానికి నీళ్లు పోయక్కర్లేదు. దాని గుణమే దాని దోషం కూడా. ఒకసారి పూలమడిలోకి పాకితే పెరికేయడం మహా కష్టం. మడికీ గరికకూ మధ్య జానెడు లోతున నాపరాయి నిలువుగా పాతండి.

ప్లాస్టిక్ గడ్డి మాత్రం ఎండ పడే చోట వద్దే వద్దు. మధ్యాహ్నం దాని మీద పసిపిల్ల కాలు పెట్టలేదు.

మేం చివరికి ఏం చేశామంటే, తాడిపత్రి నాపరాళ్లు బెత్తెడు సందులతో పరిచాం, సందుల్లో పాయలకూర చల్లాం. ఎర్రటి కాడ, చిన్న ఆకు, పప్పులో వేస్తే పుల్లపుల్లగా ఉంటుంది. వారానికి ఒక చెంబు చల్లినా బతుకుతుంది. బండలు ఎండకు కాలుతాయి కాబట్టి చెట్టు నీడ పడే వైపే పరవండి.

పూల మొక్కల్లో

ఇక్కడే మనసు పీకుతుంది, ఇక్కడే నీళ్లన్నీ పోతాయి. కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

తంగేడు. బతుకమ్మలో పేర్చే బంగారు రంగు పువ్వు, తెలంగాణ రాష్ట్ర పుష్పం. అనంతపురం చుట్టూ ఏ గుట్టెక్కినా కనిపిస్తుంది. ఇంత అందమైన మొక్క ఇళ్లలో ఎందుకు ఉండదా అని నాకు ఎప్పుడూ అనిపించేది. కారణం నాటబోతే తెలిసింది. ఒకసారి గుట్ట మీద జానెడు మొక్కను చూసి, గునపంతో జాగ్రత్తగా తవ్వాను. పైన జానెడుంటే కింద మూరెడు వేరు. సన్నగా, నేరుగా, రాళ్ల సందుల్లోంచి దిగిపోయి ఉంది. ఎంత జాగ్రత్తపడినా చివర తెగింది. తెచ్చి నాటితే నాలుగో రోజుకు వాలిపోయింది. ఆ వేరే దాని బలం, నర్సరీ సంచిలో అది ఇమడదు. తంగేడు కావాలంటే విత్తనం వేయాలి, అదీ పెరగాల్సిన చోటే వేయాలి. ఎండిన కాయలు తెంపుకొచ్చి, గింజలను గరుకు కాగితం మీద రెండు రుద్దులు రుద్దండి. లేదా బాగా వేడెక్కిన నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. గింజ పెంకు గట్టిది, ఆ పని చేయకపోతే నెలలు గడిచినా మొలవదు. మొలిచాక మొదటి వేసవికి వారానికి సగం బిందె. ఆ తర్వాత ఏమీ అక్కర్లేదు. మా ఇంట్లో దానికి నీళ్లు పోసి నాలుగేళ్లయింది. పసుపురంగు సీతాకోకచిలుకలు దాని ఆకుల మీద గుడ్లు పెడతాయి. పురుగులు ఆకులు తింటాయి, తిననివ్వండి, మళ్లీ చిగురిస్తుంది.

గన్నేరు. ఎండను తట్టుకోవడంలో దీన్ని మించిన పూలమొక్క లేదు. కారణం దాని ఆకు వెనక ఉంది. చాలా మొక్కలకు ఆకు అడుగున ఊపిరి రంధ్రాలు బయటికే తెరుచుకుని ఉంటాయి. గన్నేరుకు అవి చిన్న గుంటల్లో, నూగు మాటున దాక్కుని ఉంటాయి. వడగాలి ఆ గుంటల్లోకి చొరబడదు, తడి అంత తేలిగ్గా పోదు. వారానికి ఒక బిందెకే ఏడాదంతా పూస్తుంది. కానీ చెట్టంతా విషం: ఆకు, పువ్వు, కొమ్మ, వేరు. పచ్చగన్నేరు గింజ మరీ ప్రమాదం. పాకే పిల్లలున్న ఇంట్లో, మేకలో ఆవో మేసే దారిలో నాటకండి. రెండిళ్ల అవతల ఒక చెల్లెలు అడిగితే నేను చెప్పింది ఇదే: నీ బిడ్డకు ఏడెనిమిదేళ్లు వచ్చాక వేసుకో, అంతదాకా ముళ్లగోరింట చాలు.

ముళ్లగోరింటకు రావలసిన పేరు రాలేదని నా బాధ. కనకాంబరమూ ఇదీ ఒకే కుటుంబం. రెండింటి కాయలూ చిటపటమని పేలి గింజలు చిమ్ముతాయి. కనకాంబరానికి మాత్రం రోజు విడిచి రోజు నీళ్లు కావాలి, సగం నీడ కావాలి, కాస్త అశ్రద్ధ చేస్తే వేరుకుళ్లు. ముళ్లగోరింట ఇవేవీ అడగదు. నారింజ కలిసిన పసుపు పూలు, పొదగా పెరుగుతుంది, కొమ్మ గుచ్చినా వస్తుంది. దండకు కనకాంబరంలా నిలవదు, ఒప్పుకుంటాను. పూజకైతే చక్కగా సరిపోతుంది. జడలోకి పూలు కావాలంటే కనకాంబరం రెండు కుండీలు చాలు, మడి నిండా వేయకండి.

కాగితంపూలు. మా పక్కింటి వదిన రోజూ పైపుతో తడిపేది. గోడంతా పచ్చగా అల్లుకుంది, పువ్వు మాత్రం లేదు. ‘‘ఎరువు వేయమంటావా?’’ అని అడిగింది. ఏమీ వేయొద్దు వదినా, ఒక నెల నీళ్లు మానేయ్ అన్నాను. ఆమె మనసు ఒప్పలేదు, అయినా మానేసింది. మూడు వారాలకు ఆకులు పలచబడి, గోడంతా రాణిరంగు అయిపోయింది. ఈ మొక్క దాహమేస్తేనే పూస్తుంది. ఆకు వాలినప్పుడు ఒక బిందె, అంతే. ముళ్లుంటాయి, ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి. ఎత్తు గోడకైతే దీన్ని మించింది లేదు. నడిచే దారి పక్కన వద్దు.

దేవగన్నేరు కూడా ఇలాంటిదే. చలికాలంలో ఆకు రాల్చేసి మొండిగా నిలబడి, ఎండలు ముదిరాక పూస్తుంది. మూరెడు కొమ్మ నరికి, వారం పది రోజులు నీడలో పెట్టి, పాలు ఆరాక నాటాలి. పచ్చికొమ్మ నాటితే కుళ్లుతుంది.

ఇక మల్లె. నిజాయితీగా చెప్పాలంటే నీళ్లు తక్కువున్న ఇంట్లో మల్లె వేయకూడదు. మార్చి నుంచి మే దాకా, సరిగ్గా మనకు నీళ్లు లేని రోజుల్లోనే అది పూస్తుంది, అప్పుడే తాగుతుంది. అయినా వేయమనే చెబుతాను. సాయంత్రం చెంబుతో నీళ్లు పోసి అక్కడే మెట్టు మీద కూర్చుంటే, తడిసిన ఎర్రమట్టి వాసనా విచ్చుకుంటున్న మల్లెమొగ్గల వాసనా కలిసి వస్తాయి చూడండి, దానికోసం మిగతా తోటంతా ఎండలో కాస్త ఓర్చుకోవచ్చు. మా మూడు బిందెల్లో ఒకటి మల్లెలకే రాసిచ్చాను: రెండు గుండుమల్లె పొదలు, ఒక్కోదానికి సగం బిందె. దానికీ ఒక ఒడుపుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో నీళ్లు పూర్తిగా ఆపేయండి. ఆకు వడలనివ్వండి. జనవరిలో మోకాలెత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకు దూసేసి, పశువుల ఎరువు వేసి అప్పుడు నీళ్లు మొదలుపెట్టండి. మొగ్గంతా కొత్త చిగుళ్ల మీదే వస్తుంది. చలికాలమంతా తడుపుతూ కూర్చుంటే నీళ్లూ దండగ, పూలూ తక్కువ.

గులాబీ, లిల్లీ, చామంతి గురించి అడుగుతారు. మూడు బిందెల ఇంట్లో అవి కుండీ మొక్కలే, అదీ ఒకటో రెండో.

నీడకు ఒక్క చెట్టుకే చోటుంటే

వేపా, కానుగా? నేను కానుగ వైపు. వేపకు నేను వ్యతిరేకిని కాను, ఉగాది పచ్చడికి పువ్వు కోసుకునేది పక్కవీధి వేపచెట్టుకే. కానీ చిన్న ఇంటికి వేప పెద్ద చెట్టు. గోడకు పదిహేను అడుగుల దూరమైనా లేకుండా నాటకూడదు. కానుగ ఆకు చిక్కగా ఉంటుంది. మార్చి ప్రాంతంలో ఆకు రాల్చి వెంటనే లేతాకు వేస్తుంది, ఎండలు ముదిరే నాటికి గొడుగులా సిద్ధంగా ఉంటుంది. దాని నీడ చల్లదనం కింద నిలబడితేనే తెలుస్తుంది. రెండేళ్లు వారానికి ఒక బిందె, ఆ తర్వాత దాని బతుకు అది బతుకుతుంది. కానుగతో చికాకు ఒక్కటే, రాలే ఆకు, రాలే పువ్వు. రోజూ ఊడ్చాలి. ఆ ఊడ్చినదాన్ని పారేయకండి, దాని పని కింద చెబుతాను.

పండు కావాలనుకుంటే దానిమ్మా, సీతాఫలమా అన్నది అసలు ప్రశ్న. అనంతపురం జిల్లా దానిమ్మకు పేరున్నదే, కానీ ఆ తోటలన్నీ డ్రిప్ మీద నడిచేవి. కాయ ఊరే రోజుల్లో నీళ్లు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ అయితే కాయ పగిలిపోతుంది. పగిలిన కాయలోకి చీమలు, ఈగలు. వేళ తప్పకుండా నీళ్లు పెట్టగలిగే ఇంటికే దానిమ్మ. సీతాఫలం తీరు వేరు. ఎండాకాలం ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర నీళ్లు లేని రోజుల్లోనే దానికీ నీళ్లు అక్కర్లేదు. వానలకు లేచి, చిగురించి, దసరా నాటికి కాయలిస్తుంది. మే నెల లెక్కకు ఇంతకన్నా సరిగ్గా అతికే పండ్లచెట్టు నాకు తెలియదు. కాయలకు పిండినల్లి పడుతుంది, కాస్త చూసుకోవాలి.

మునగ తొందరగా పెరుగుతుంది, ఆకూ కాయా పువ్వూ అన్నీ తింటాం, నీళ్లు పెద్దగా అక్కర్లేదు. కానీ కొమ్మ పెళుసు, గాలికి విరిగి పడుతుంది. వానల్లో గొంగళిపురుగులు కాండానికి గుంపులుగా పడతాయి. పడకగది కిటికీకి దూరంగా, పెరట్లో ఒక మూల నాటండి. ఏటా కాయలు కోసాక నడుమెత్తుకు నరికేస్తే గాలి బాధ ఉండదు.

కరివేపాకు లేని ఇల్లు ఉండదు కాబట్టి దానికి పోలిక అక్కర్లేదు. వంటింటి గిన్నెలు తొలిచిన నీళ్లు పారే చోట నాటండి.

కంచెకు

ఈమధ్య ఎవరింటికి వెళ్లినా కోనోకార్పస్ అనే చెట్టు నాటామంటున్నారు. తొందరగా పెరుగుతుంది, నిగనిగలాడుతుంది, అది నిజమే. తెలంగాణలో, గుజరాత్‌లో ప్రభుత్వాలే దాన్ని నాటవద్దన్నాయి. వేర్లు పైపుల్లోకి, డ్రైనేజీలోకి చొరబడతాయన్న ఫిర్యాదులు ఎన్నో. ఇప్పటికే నాటి ఉంటే కత్తిరిస్తూ, నెమ్మదిగా పక్కన గోరింట పెంచి మార్చుకోండి.

గోరింట మంచి కంచె. మూడో ఏడుకు మనిషెత్తు, మేకలు దూరలేనంత చిక్కన, వేసవిలో నీళ్లు లేకపోయినా చావదు, ఆషాఢంలో ఆడపిల్లలకు ఆకు. నాకు అంతకన్నా ఇష్టమైనది బలుసు. ‘బతికుంటే బలుసాకు తినొచ్చు’ అని మా జేజి అంటూ ఉండేది. ఆ మాట ఎందుకు పుట్టిందో బలుసు కంప పక్కన మే నెలలో నిలబడితే తెలుస్తుంది. చుట్టూ అన్నీ ఎండినా దాని మీద నాలుగు పచ్చటి ఆకులుంటాయి, ఆ ఆకు కూర వండుకోవచ్చు. ముళ్లు గట్టివి, పెరుగుదల నెమ్మది. నాలుగేళ్లు ఆగగలిగితే బలుసు, రెండేళ్లలో తెర కావాలంటే గోరింట. బలుసు నర్సరీల్లో దొరకదు. పల్లెలో తెలిసినవాళ్లను అడిగి పండు తెచ్చుకుని గింజ వేసుకోవాలి.

కుండీలా, నేలా

నేల ఉన్నవాళ్లు కుండీ జోలికి పోకండి. మా మిద్దె మీద పన్నెండు అంగుళాల కుండీలో ఉన్న మందారం మే నెలలో రోజుకు రెండు లీటర్లు తాగేది. దాని తోడి మొక్కే కింద నేలలో వారానికి ఒక బిందెతో గడిపేది. కుండీలో వేరుకు పారిపోయే దారి లేదు, నాలుగు వైపులా ఎండే.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే కుండీలు తప్పవు. మట్టికుండీ చెమర్చుతుంది, నీళ్లు ఎక్కువ తాగుతుంది, వేరు మాత్రం చల్లగా ఉంటుంది. ప్లాస్టిక్‌ది తడి నిలుపుతుంది, ఎండలో వేరు ఉడుకుతుంది. అందుకని కలబంద, ఎడారి గులాబీ, నల్లేరు వంటివి మట్టికుండీలో, ఆకుకూరలు ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి తొట్టికి తెల్ల సున్నం పూయండి. కుండీలన్నీ ఒకదానికొకటి ఆనించి గుంపుగా పెట్టండి. విడివిడిగా గోడ మీద వరసగా పెడితే అందానికే తప్ప మొక్కకు సుఖం లేదు.

నల్లేరు గురించి ఒక్కమాట. నల్లేరు మీద బండి నడక అంటామే, పెంచడం కూడా అంత సులువే. రెండు కణుపుల ముక్క గుచ్చితే చాలు, బాల్కనీ కమ్మీకి పాకుతుంది, రెండు వారాలు మీరు ఊరెళ్లినా ఏమీ కాదు. లేత కణుపులు పచ్చడికి. కోసేటప్పుడు చేతికి నూనె రాసుకోండి, దురద పుడుతుంది. చింతపండు వేసి బాగా మగ్గిస్తే ఆ దురద పోతుంది.

కూరగాయల్లో గోరుచిక్కుడు, అలసంద, గోంగూర, దొండ వేసవిని ఓర్చుకుంటాయి. టమాటా, క్యాప్సికమ్, క్యాబేజీ చలికాలానికి ఉంచుకోండి.

నీళ్లు పోసే తీరు

ఒకరోజు మా పైపు కింద 15 లీటర్ల బకెట్ పెట్టి గడియారం చూశాను. 50 సెకన్లలో నిండింది. అంటే పది నిమిషాలు పైపు పట్టుకుని నిలబడితే 180 లీటర్లు, పన్నెండు బిందెలు. మా ఆయన రోజూ సాయంత్రం పట్టుకునేది పావుగంట! ఆ రోజు నుంచి పైపు చుట్టి అటక మీద పెట్టేశాం. మీ ఇంట్లో కూడా ఈ బకెట్ పరీక్ష చేసి చూడండి.

పది మొక్కల లోపైతే బిందే చెంబూ చాలు, నీరు ఎక్కడికి పోతోందో కళ్లకు కనిపిస్తుంది. ఇరవై దాటితే డ్రిప్. గంటకు 4 లీటర్లు కార్చే డ్రిప్పర్ మొక్కకొకటి, చెట్టుకు రెండు మూడు. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. మిద్దె మీది ట్యాంకు నుంచి పెడితే ఒత్తిడి తక్కువ, కాబట్టి మామూలు డ్రిప్పర్లే తీసుకోండి. ఒత్తిడి సరిచూసుకునే ఖరీదైన రకం ఆ ఒత్తిడికి పనిచేయదు. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, రంధ్రాలకు తెల్లగా గారపడుతుంది. నెలకోసారి పైపు చివర మూత విప్పి నీళ్లు జోరుగా వదలాలి. డ్రిప్ పెట్టి మరిచిపోయేవాళ్ల తోటలో సగం మొక్కలు ఎండి ఉండటం నేను చాలా ఇళ్లలో చూశాను.

ఈ రెంటి మధ్య పూడ్చిన కుండ ఉంది. మల్లెకు నేను వాడేది ఇదే. నున్నగా మెరిసే పూత లేని అయిదు లీటర్ల మట్టికుండ కొనండి. ముందు నీళ్లు నింపి ఒక పూట గట్టు మీద పెట్టండి. బయటి వైపు చెమర్చితే పనికొస్తుంది, పొడిగా ఉంటే వద్దు. మొక్కకు జానెడు దూరంలో మెడ దాకా పూడ్చి, నీళ్లు నింపి, దోమలు చేరకుండా మూకుడు మూత పెట్టండి. మట్టి ఎంత ఆరితే కుండ అంత వదులుతుంది. ఊరెళ్లేటప్పుడు మూడు నాలుగు రోజులకు దిగులు లేదు. ఉప్పునీళ్లయితే రెండు మూడేళ్లకు రంధ్రాలు పూడుకుపోతాయి, కుండ మార్చాలి. పెద్ద చెట్లకు ఇది చాలదు.

ఏసీ నుంచి కారే నీళ్లు మొక్కలకు మంచివే. ఆర్.ఓ. యంత్రం వదిలే నీళ్లలో ఉప్పంతా చిక్కబడి ఉంటుంది, మల్లెకూ కరివేపాకుకూ పోయకండి. పారబోయడానికి మనసొప్పకపోతే గన్నేరుకు అప్పుడప్పుడు పోయండి. బట్టల సబ్బునీళ్లు రోజూ ఒకేచోట పోస్తే నేల బిగుసుకుపోతుంది. బియ్యం, పప్పులు కడిగిన నీళ్లు నిరభ్యంతరంగా పోయొచ్చు.

పాదు మీద ఏదో ఒకటి కప్పకుండా పోసిన నీళ్లలో చాలా భాగం ఎండపాలే. మా దగ్గర సెనక్కాయ పొట్టు చవక, నాలుగు వేళ్ల మందాన పరుస్తాను. కానుగ ఆకు ఊడ్చింది కూడా అక్కడికే పోతుంది. వరిపొలాల వైపు వాళ్లకు గడ్డి, కోనసీమ వైపు కొబ్బరిపీచు. ఏదైనా సరే, కాండానికి తగలకుండా జానెడు వదిలి పరవండి, లేకపోతే చెదలు పడుతుంది. గులకరాళ్లు అందంగా ఉంటాయి, కలబంద చుట్టూ సరే. మల్లె చుట్టూ పోస్తే రాత్రిదాకా వేడి కక్కుతాయి.

మిద్దె మీది వాననీటిని మాత్రం వదులుకోకండి. 1000 చదరపు అడుగుల మిద్దె మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 1800 లీటర్ల పైమాటే. సంపు ఉంటే అందులోకి, లేకపోతే గొట్టాన్ని చెట్టు పాదు పక్కన తవ్విన ఇంకుడు గుంతలోకి మళ్లించండి. మా కానుగ వేసవిని నెగ్గుకొచ్చేది సెప్టెంబరులో ఇంకిన ఆ నీటితోనే అని నా నమ్మకం.

మీ నేల, మీ ఊరు

నేను చెప్పినదంతా ఎర్రనేల అనుభవం. గుంటూరు, ప్రకాశం వైపు నల్లరేగడిలో చిక్కు తిరగబడుతుంది. అక్కడ ఎండాకాలం కన్నా వానాకాలమే ప్రమాదం. నీరు నిలిచి తంగేడు, దేవగన్నేరు, కలబంద కుళ్లుతాయి. అడుగు ఎత్తు గట్టు పోసి, ఇసుక కలిపి నాటాలి. హైదరాబాదులో వాన మాకన్నా ఎక్కువ, కానీ చాలా కాలనీల్లో రెండడుగుల కింద బండ. చెట్టు నాటే ముందు గునపంతో నాలుగు చోట్ల పొడిచి చూడండి. విశాఖ సముద్రపు గాలికి గన్నేరు, కానుగ బాగా నిలుస్తాయి.

బిందెల ప్రకారం

రోజుకు ఒక్క బిందె మిగిలే ఇంటికి: ఒక సీతాఫలం, ఒక తంగేడు, గోడకు కాగితంపూలు, కరివేపాకు, కుండీలో నల్లేరు. మల్లె ఒకే ఒక్క పొద, పూడ్చిన కుండతో. మూడు బిందెలుంటే కానుగ, గోరింట కంచె, ముళ్లగోరింట వరస, మల్లె రెండో పొద, వేసవిలో గోరుచిక్కుడు ఒక మడి కలుపుకోండి. ఆరేడు బిందెలున్న అదృష్టవంతులు దానిమ్మ, నాలుగు కనకాంబరాలు, రెండు గులాబీ కుండీలు పెట్టుకోవచ్చు. గడ్డికి మాత్రం అప్పుడూ ఇవ్వకండి.

ఇక నాటే వేళ. రాయలసీమలో జూన్ వానను నమ్మకండి, అది ముఖం చూపించి పోతుంది. ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబరు సగం దాకా నాటండి. అక్టోబరు వానలూ అందుతాయి, ఎండలు వచ్చేలోపు వేరుకు అయిదారు నెలలు దొరుకుతాయి. గుంత రెండడుగుల లోతు, అడుగున రెండు తట్టల మాగిన పశువుల ఎరువు. చిన్న మొక్కే కొనండి. మనిషెత్తు మొక్కకు సంచిలో వేరు సుడి తిరిగి ఉంటుంది, అది కిందికి దిగేసరికి వేసవి వచ్చేస్తుంది.

ఏ మొక్కకైనా, తంగేడుకైనా సరే, మొదటి వేసవి నీళ్లు తప్పవు. మన మొక్కే కదా అని వదిలేస్తే చస్తుంది. రోజూ చెంబెడు పోయడం కన్నా వారానికోసారి బిందెడు (తంగేడుకు సగం) పోయండి, తడి లోతుకు దిగితే వేరు దాని వెంట దిగుతుంది. రెండో వేసవిలో పదిహేను రోజులకోసారి చాలు. తంగేడుకు అదీ అక్కర్లేదు, కానుగకు మాత్రం అప్పుడూ వారానికోసారే. ఆ వేసవి దాటి, తొలకరికి కొమ్మ చివర కొత్త చిగురు కనిపించిందంటే ఆ చెట్టు మీ చేతి నీళ్ల అవసరం దాటినట్టే. పాదు పూడ్చేసి, దాని వంతు బిందెను మల్లెకు మళ్లించండి.